పదివేల సైన్యం, నలభై కవచాలు: ఒక ఫాంటసీ సీరీస్ సీజన్ 2 తయారీ డైరీ

మూడు నవలల ఫాంటసీ కథలో రెండో నవలను ఎనిమిది ఎపిసోడ్లుగా తీస్తున్నాం. ఒక్కో ఎపిసోడ్ 35 నిమిషాలు. ఆర్ట్, కాస్ట్యూమ్, సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) ఖాతాలు మూడూ నా చేతిలో ఉన్నాయి. వాటికి కలిపి ఇచ్చింది రూ. 32,00,000. చిన్న యూనిట్‌తో ఇలాంటి పని నెత్తికెత్తుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఏది పనిచేయలేదో, ఎందుకు మార్చామో, మార్చాక ఎంతైందో మాత్రమే ఉంటుంది. షూటింగ్ కబుర్లు ఉండవు.

దశ 1: పేజీలు, నిమిషాలు, సీజీ లెక్క

నవల 436 పేజీలు. స్క్రిప్టు మనవాళ్లకు అలవాటైన రెండు కాలమ్‌ల పద్ధతిలోనే రాశాం. ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాట. పేజీకి ఒక నిమిషం అనే హాలీవుడ్ లెక్క దీనికి కుదరదు. మొదటి ఎపిసోడ్ 52 పేజీలు వచ్చింది. స్టాప్‌వాచ్ పెట్టుకుని, నడకలకూ చూపులకూ గుర్రం దిగడాలకూ కూడా టైమ్ ఇస్తూ చదివితే 41 నిమిషాలు పట్టింది. అంటే పేజీకి సుమారు 47 సెకన్లు. 35 నిమిషాలు కావాలంటే 44 పేజీలు దాటకూడదు. ఈ కొలత మాది. మీ రైటర్ పేజీకి మీరే స్టాప్‌వాచ్ పెట్టుకోవాలి.

అసలు దెబ్బ సీజీ లెక్కలో తగిలింది. మొదటి డ్రాఫ్టులో ఉన్నవి ఇవి:

- గండభేరుండ పక్షి: 96 షాట్లు
- సైన్యం: 70 షాట్లు
- చెరుపుడు పని (కరెంటు తీగలు, సెల్ టవర్లు, ఫైటర్ల రోపులు): 180 షాట్లు
- మొత్తం: 346

పక్షి షాటుకి మాకు కుదిరిన రేటు రూ. 45,000. ఆ లెక్కన పక్షి ఒక్కదానికే రూ. 43,20,000. చేతిలో ఉన్నదే 32 లక్షలు.

ఇక్కడ చాలా యూనిట్లు రేటు దగ్గర బేరానికి కూర్చుంటాయి. రేటు తగ్గిందంటే ఆ షాటు మీద కూర్చునే మనిషి గంటలు తగ్గాయని అర్థం. అది తెర మీద కనిపించి తీరుతుంది. తగ్గాల్సింది షాట్ల సంఖ్య. అది కూడా ఎడిటింగ్ రూములో కాదు, రాసే బల్ల దగ్గరే తగ్గాలి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరీస్ 2011 నాటి తొలి సీజన్లో టిరియన్ అనే పాత్ర యుద్ధానికి బయల్దేరగానే తలకు దెబ్బ తగిలి పడిపోతాడు. కళ్లు తెరిచేసరికి యుద్ధం అయిపోయి ఉంటుంది. దాని అసలు నవలలో అతను ఆ యుద్ధంలో పోరాడతాడు. అంత డబ్బున్న ఛానెల్లో కూడా ఆ పని చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది రెండో సీజన్లో బ్లాక్‌వాటర్ యుద్ధాన్ని తప్పించలేక అదనపు బడ్జెట్ అడిగి తెచ్చుకున్నారు. అయినా దాన్ని రాత్రిపూట పెట్టి, ఆ తొమ్మిదో ఎపిసోడ్ మొత్తాన్ని ఒక్క నగరం దాటకుండా నడిపారు.

మేం స్క్రిప్టులో మార్చినవి:

1. కోట ముట్టడిని బయటి నుంచి కాకుండా గుమ్మం లోపలి నుంచి చూపించడం. నవలలో పదివేల మంది బయట ఉంటారు. మాకు లోపల వణుకుతున్న నలభై మంది చాలు. బయటి వాళ్లు శబ్దంలో ఉంటారు.
2. మొదటి మూడు ఎపిసోడ్లలో పక్షి నీడ, గాలి, ఈకలు మాత్రమే. ముఖం నాలుగో ఎపిసోడ్ ఆఖర్లో.
3. చెరుపుడు షాట్లు తగ్గేలా లొకేషన్లోనే కెమెరా ఎత్తు, దిక్కు ముందే రాసుకోవడం.

రెండో నంబరు మీద దర్శకుడికీ నాకూ గట్టిగానే పడింది. పక్షిని చూడ్డానికే జనం వస్తారని ఆయన వాదన. నవల రాసినావిడ మధ్యలో కల్పించుకుని, "నేను కూడా పుస్తకంలో దాన్ని వంద పేజీల దాకా చూపించలేదు కదండీ" అన్నారు. అక్కడితో ఆ గొడవ ముగిసింది.

*ఇప్పటిదాకా: ఖర్చు లేదు. సీజీ షాట్లు 346 నుంచి 165 (పక్షి 31, సైన్యం 14, చెరుపుడు 120).*

దశ 2: పెరిగిపోయిన పిల్లాడు

రెండో నవల, మొదటిది ముగిసిన మర్నాడు తెల్లారుజామున మొదలవుతుంది. మొదటి సీజన్లో యువరాజు వేసిన అబ్బాయి అప్పుడు 138 సెంటీమీటర్లు. కాస్ట్యూమ్ కొలతలకు పిలిచినప్పుడు 147. గొంతు కూడా పగిలింది.

ముందు పక్కన నిలబడేవాళ్ల కాళ్ల కింద 8 సెంటీమీటర్ల చెక్కలు వేసి చూశాం. నిలబడి మాట్లాడే క్లోజ్ షాట్లలో సరిపోయింది. నడవగానే పోయింది. గొంతును మార్చే మార్గం ఎలాగూ లేదు. కథలో టైమ్ జరపడమే మిగిలింది. పిల్లల పాత్రలున్న నవలలతో ఈ తంటా ఎప్పుడూ ఉండేదే. గేమ్ ఆఫ్ థ్రోన్స్ వాళ్లు మొదటి సీజన్లోనే పిల్లల వయసులు నవల కంటే పెంచి పెట్టుకున్నారు. మేం రెండు సీజన్ల మధ్య ఒక వర్షాకాలం ఇరికించాం. అది అడగడానికి రచయిత్రి దగ్గరికి కొంచెం టెన్షన్‌తోనే వెళ్లాం. ఆవిడ మాత్రం "పెట్టుకోండి, రెండో భాగంలో వాన లేకపోవడం నాకూ లోటుగానే ఉండేది" అన్నారు. వాన ఒక్క డైలాగులోనే వస్తుంది కాబట్టి ఖర్చు లేదు.

దశ 3: ఛాతీ కవచాలు

మొదటి సీజన్లో ఫైబర్ కవచాలు వాడాం. ఛాతీ, వీపు, భుజాలు కలిపి తూకం 6.8 కిలోలు. అంచులు చంకల్లో ఒరుసుకుని జూనియర్ ఆర్టిస్టులకు చర్మం లేచిపోయేది. మధ్యాహ్నానికి సగం మంది కవచం విప్పేసి కూర్చునేవాళ్లు. ఈసారి ఈవా ఫోమ్‌కి మారాం. చెప్పుల సోళ్లకు వాడే షీటే ఇది. ఒంటికి 10 మిల్లీమీటర్లది, అంచులకూ నగిషీకీ 5 మిల్లీమీటర్లది. సెట్టు తూకం 1.9 కిలోలు.

1. మనిషికి పాత బనియన్ తొడిగి, దాని మీద టేపు చుట్టి, కవచం గీతలు గీసి, కత్తిరించి తీయాలి. అదే ప్యాటర్న్. మూడు సైజులు చాలు.
2. కట్టర్ బ్లేడు ఒక్కో కవచానికీ కొత్తది. మొండి బ్లేడు ఫోమ్‌ను కోయదు, పీకుతుంది.
3. హీట్ గన్‌తో రెండువైపులా పైపొర మెరిసేదాకా వేడి చేయాలి. రంధ్రాలు మూసుకుంటాయి. ఆ వేడి మీదే మోకాలికి అదిమి వంపు తేవాలి.
4. రెండు అంచులకూ జిగురు రాసి, వేలికి అంటుకోకుండా ఆరేదాకా ఆగి, అప్పుడు కలపాలి. తడి మీద కలిపితే పట్టు ఉండదు.
5. సీలింగ్ (రంగుకు ముందు వేసే పైపూత), నల్ల బేస్, పొడి బ్రష్‌తో వెండి రంగు.

రెండు చోట్ల ఫెయిలైంది.

మొదటిది సీలింగ్. తెల్ల ఫెవికాల్‌ను నీళ్లతో పల్చన చేసి మూడు పూతలు వేశాం. బల్ల మీద ఉన్నంతసేపూ బాగానే ఉంది. ఒకడు కత్తి ఎత్తగానే భుజం మీద రంగు ఎండిన చెరువు మట్టిలా పెళ్లలు పెళ్లలుగా విచ్చుకుంది. కారు అడుగుభాగానికి కొట్టే రబ్బరు కోటింగ్‌కి మారాం. అది ఫోమ్‌తో పాటు వంగుతుంది. వాసన పోవడానికి మాత్రం బాగా ఆరబెట్టాలి.

రెండోది ఎండ. గండికోట షెడ్యూలుకి కవచాలన్నీ మూసిన వ్యాన్‌లో వెళ్లాయి. ఏప్రిల్ మధ్యాహ్నం, నిలబెట్టిన వ్యాన్ లోపల థర్మామీటర్ 58 డిగ్రీలు చూపించింది. దింపేసరికి భుజాల అతుకులు నోళ్లు తెరిచి ఉన్నాయి. అడుగున పడ్డవి చదునైపోయాయి. విదేశాల్లో ఫోమ్ కవచాలు చేసేవాళ్ల వీడియోల్లో ఈ సంగతి పెద్దగా కనపడదు. వాళ్ల ఎండ వేరు.

కృష్ణానగర్‌లో చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపిస్తే, జిగురు పేరు కూడా అడగలేదు. "ఎండకి ఏ జిగురైనా లొంగుతది సార్. అతికియ్యిండ్రి, మీదికెళ్లి కుట్టు ఎయ్యిండ్రి" అని, ఆరెతో అతుకు పొడవునా నైలాన్ దారం లాగి చూపించాడు. కుట్టు కనిపించిన చోట దాని మీద 5 మిల్లీమీటర్ల పట్టీ వేశాం. అది నగిషీలా కుదిరి, ముందున్న డిజైన్ కంటే బాగుంది. అప్పటినుంచి కవచాలు వ్యాన్‌లో పేర్చడం లేదు. అడ్డంగా కట్టిన వెదుళ్లకు హ్యాంగర్లతో వేలాడుతూ వెళ్తున్నాయి.

బరువు తగ్గితే అందరూ సంతోషిస్తారనుకుంటాం. ఫైట్ మాస్టర్ రిహార్సల్ చూసి పెదవి విరిచారు. ఇనుము తొడుక్కున్నవాడు అలా గెంతడని ఆయన బాధ. నిజమే, మానిటర్‌లో అందరూ కబడ్డీ ఆటగాళ్లలా ఉన్నారు. నడుం పట్టీ లోపల కిలోన్నర ఇసుక కుట్టించాం. బరువు తుంటి మీద పడుతుంది కాబట్టి భుజాలకు నొప్పి లేదు, నడకలో బరువు వచ్చింది. చివరి తూకం 3.4 కిలోలు.

*ఇప్పటిదాకా: 40 కవచాలు, ఒక్కోటి రూ. 2,350, మొత్తం 94,000. కుట్టుకి ఒక్కోదానికి రూ. 350, మొత్తం 14,000. ఖర్చు రూ. 1,08,000.*

దశ 4: గొలుసు అంగీలు, గొంగళ్లు

గొలుసు అంగీ కోసం 16 గేజి అల్యూమినియం తీగతో 8 మిల్లీమీటర్ల రింగులు చుట్టి అల్లి చూశాం. చేతి రుమాలంత ముక్కకి ఒక మనిషికి రోజంతా పట్టింది. నలభై అంగీలంటే మాటలు కాదు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమాలకు న్యూజీలాండ్‌లో ప్లాస్టిక్ గొట్టాలను రింగులుగా కోసి, మనుషుల్ని పెట్టి చేత్తో అల్లించారు. అది ఏళ్ల తరబడి సాగిన పని, మన స్థాయి కాదు. అంతకంటే పాత చిట్కా దారంతో స్వెట్టర్‌లా అల్లి వెండి రంగు వేయడం. ఇంగ్లీషు చారిత్రక సినిమాల్లో దశాబ్దాలుగా ఉన్నదే.

4 మిల్లీమీటర్ల నైలాన్ దారంతో వదులుగా అల్లించాం. మొదట వెండి రంగులో ముంచాం. దారం గట్టిపడి, మెడ తిప్పితే కోసుకుంది. తర్వాత ముందు నలుపులో ముంచి ఆరబెట్టి, పైపైన మాత్రం స్పాంజితో వెండి అద్దాం. లోపలి గుంటలు నల్లగా ఉండటంతో దూరానికి రింగుల్లా కనిపించింది. ఎనిమిది అడుగుల లోపలికి కెమెరా వస్తే దొరికిపోతుంది. అందుకని నలుగురు ముఖ్య పాత్రలకు మెడ, ఛాతీ పైభాగం వరకు నిజం అల్యూమినియం అల్లిక పెట్టాం. క్లోజప్‌లో అంతకు మించి కనపడదు.

పై దుప్పట్ల విషయంలో మాకు ఒక పేరున్న ఆధారం దొరికింది. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో నైట్స్ వాచ్ అనే దళం సైనికుల పై దుప్పట్లు ఐకియా రగ్గులు కత్తిరించి చేసినవని ఆ సీరీస్ కాస్ట్యూమ్ డిజైనర్ మిషెల్ క్లాప్టన్ 2016లో చెప్పారు. మాకు రగ్గుల అవసరం లేదు, గొంగడి ఉంది. దక్కనీ గొర్రెల బొచ్చుతో కురుమలు చేసేది. పాతవి, వాడి మెత్తబడినవి అడిగి కొన్నాం. కొత్తదానికి లేని ఏళ్ల వాడకం వాటిలో ముందే ఉంది. మేం రంగులతో, ఇసుక కాగితంతో నెల తంటాలు పడ్డా ఆ అరుగుదల రాదు.

రాత్రి టెస్టులో మాత్రం గొంగడి వెలుతురంతా మింగేసింది. మనిషి ముఖం ఒక్కటే గాల్లో తేలుతోంది. లైటు పెంచితే ముఖం తెల్లబోతోంది, గొంగడి అలాగే ఉంటోంది. ముందునుంచి లైటు ఆపేసి, వెనక పైనుంచి ఒక్కటి పెట్టాం. బొచ్చు అంచు పట్టుకుని మెరిసింది. భుజాల మీదా అంచుల వెంబడీ సున్నం కలిపిన మట్టి రుద్దాం. మడత కనిపించడం మొదలైంది.

*ఇప్పటిదాకా: దారం అంగీలు 40 × 1,150 = రూ. 46,000. అల్యూమినియం మెడలు 4 × 6,500 = రూ. 26,000. గొంగళ్లు 40 × 1,400 = రూ. 56,000. మొత్తం ఖర్చు రూ. 2,36,000.*

దశ 5: పక్షి నీడ

మూడు ఎపిసోడ్ల పాటు పక్షి నీడే కాబట్టి, ఆ నీడను సీజీలో చేయడం దండగ. వెదురు బద్దలతో 3.6 మీటర్ల రెక్క కట్టి, నల్ల గుడ్డ వేసి, ఇద్దరు పట్టుకుని లైటు ముందునుంచి పరిగెత్తితే కోటగోడ మీద నీడ పడాలి. తోలుబొమ్మలాట సూత్రమే, కొంచెం పెద్దది.

మొదటిసారి గోడ మీద మబ్బు పోయినట్టు ఏదో పోయింది, అంతే. కారణం లెక్కలోనే దొరికింది. లైటుకి 120 సెంటీమీటర్ల డిఫ్యూజన్ తెర (వెలుతురును మెత్తబరిచేది) ఉంది. రెక్క లైటుకి 6 మీటర్లు, గోడకి 5 మీటర్ల దూరంలో ఉంది. నీడ అంచు ఎంత చెదురుతుందో ఇలా కట్టొచ్చు: లైటు వెడల్పును రెక్క నుంచి గోడకున్న దూరంతో హెచ్చించి, లైటు నుంచి రెక్కకున్న దూరంతో భాగించాలి. మాది 120 × 5 ÷ 6, అంటే 100 సెంటీమీటర్లు. మీటరు మేర చెదిరిపోతే ఈకలెక్కడ కనిపిస్తాయి?

1. డిఫ్యూజన్ తీసేసి, 30 సెంటీమీటర్ల ముఖమున్న లైటు పెట్టాం.
2. లైటును వెనక్కి జరిపి రెక్కకి 10 మీటర్ల దూరం చేశాం.
3. రెక్కను గోడకి 2 మీటర్ల దగ్గరికి తెచ్చాం. ఇప్పుడు చెదురు 6 సెంటీమీటర్లు.
4. రెక్క దగ్గరైతే నీడ చిన్నదైపోతుంది. అందుకే చివర్లకు అడుగు పొడవున అట్ట ఈకలు కట్టి రెక్కను పెంచాం.

ఇందులో ఒక లాభం ముందు ఊహించలేదు. నీడ మీదకు రాగానే నటులు నిజంగానే తల వంచారు. టెన్నిస్ బంతి కట్టిన కర్రను చూపించి "అదే పక్షి, భయపడండి" అంటే ఎవరికి భయం వేస్తుంది?

*ఇప్పటిదాకా: రెక్క రూ. 18,000. మొత్తం ఖర్చు రూ. 2,54,000.*

దశ 6: గుమ్మం, కాగడాలు, నలభై మందిని నూట అరవై చేయడం

గండికోటలో పెన్నా లోయ, ఎర్ర రాళ్లు, దూరం షాట్లు మాత్రమే తీశాం. అక్కడి కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ముందే అర్జీ పెట్టి అనుమతి తీసుకున్నా, మేకు కొట్టడం, మంట పెట్టడం అనే ఆలోచనే రాకూడదు. అందుకని యుద్ధం జరిగే గుమ్మం హైదరాబాద్ శివార్లలో సెట్ వేశాం. రూ. 6,40,000 అయింది. పక్షి సీజీని పక్కన పెడితే ఈ డైరీలో అన్నిటికంటే పెద్ద ఒంటి ఖర్చు, అన్నిటికంటే తక్కువ తలనొప్పి కూడా అదే.

తలనొప్పంతా కాగడాలతోనే. పాత నూలు చీర చుట్టి, బైండింగ్ వైరు బిగించి, వట్టి కిరోసిన్‌లో ముంచితే ఏడు నిమిషాలు మండింది. మంట ఎత్తుగా, పొగ నల్లగా వచ్చింది. మూడు వంతుల ఆముదానికి ఒక వంతు కిరోసిన్ కలిపితే పదహారు నిమిషాలు, పొగ తక్కువ. పాతకాలం దివిటీలకు ఆముదం ఊరికే వాడలేదు. ఇక్కడ ఒక నియమం గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి పెట్టండి: కాగడా పట్టుకున్నవాడి ఒంటి మీద ఫోమ్ గానీ నైలాన్ అంగీ గానీ ఉండకూడదు. రెండూ అంటుకుని కరుగుతాయి. ఉన్ని త్వరగా అంటుకోదు, కాబట్టి కాగడావాళ్లకు గొంగడి, తోలు మాత్రమే. ప్రతి పది అడుగులకీ ఇసుక బకెట్, తడి గోనె.

వెనక వరుసలో ఎల్ఈడీ కాగడాలు పెట్టాం. మానిటర్ మీద అడ్డ చారలు పాకాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. మేం 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టర్‌లో తీస్తున్నాం, అంటే ఎక్స్‌పోజర్ సెకనులో 48వ వంతు. రెండూ కలవవు. షట్టర్ 172.8 డిగ్రీలకు మారిస్తే సరిగ్గా 50వ వంతు అవుతుంది. చారలు పోయాయి. డిమ్మర్‌తో తగ్గించిన లైట్లలో మాత్రం మిణుకు మిగిలింది. డిమ్మర్లు పీకేసి, బ్యాటరీ మీద ఫుల్లుగా వెలిగించి, నారింజ జెల్ షీటు రెండు మడతలు వేసి వెలుగు తగ్గించాం.

గుమ్మం సందులోంచి బయటి సైన్యం కనిపించే షాట్లు పద్నాలుగు ఉన్నాయి. పద్ధతి పాతదే: కెమెరా కదలకుండా, ఆ నలభై మందినే నాలుగు చోట్ల నిలబెట్టి నాలుగుసార్లు తీసి అతకడం. అలా విడిగా తీసిన ఒక్కోదాన్నీ ప్లేటు అంటాం.

1. ట్రైపాడ్ కాళ్లకు ఇసుక మూటలు. స్టెబిలైజర్ ఆఫ్. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్.
2. దూరపు వరుస నుంచి దగ్గరి వరుసకు రావాలి.
3. అతుకు గీత స్తంభం మీద గానీ, నేల మీద గీసిన సున్నం గీత మీద గానీ పడాలి. గీత ఎవరూ దాటకూడదు.
4. మనుషులు లేని ఖాళీ ప్లేటు ఒకటి తప్పనిసరి.

మొదటి రాత్రి తీసిన ప్లేట్లు అతకలేదు. ఒక ప్లేటులో పొగ ఎడమకు, ఇంకోదానిలో కుడికి పోయింది. అతుకు దగ్గర పొగ కత్తితో కోసినట్టు ఆగిపోయింది. తర్వాత నాలుగు ప్లేట్లూ పొగ లేకుండా తీసి, పొగను ఒక్కదాన్నే నల్ల తెర ముందు విడిగా తీసి పైన వేశాం. గొంగళ్లు, డాళ్లు ప్లేటు ప్లేటుకీ మార్చాలి. లేకపోతే పొడుగ్గా ఉన్న ఒకే మనిషి నాలుగు చోట్ల దొరికిపోతాడు. మాకు అలా ఒకడు ఆరో ఎపిసోడ్లో ఇప్పటికీ ఉన్నాడు. ఎడిటర్‌కి తప్ప ఎవరికీ కనపడలేదు, వదిలేశాం.

*ఇప్పటిదాకా: గుమ్మం 6,40,000, కాగడాలు 42,000. మొత్తం ఖర్చు రూ. 9,36,000.*

దశ 7: సీజీ, శబ్దం

పక్షి 31 × 45,000 = రూ. 13,95,000. సైన్యం 14 × 9,000 = రూ. 1,26,000. చెరుపుడు 120 × 2,500 = రూ. 3,00,000. రెండు తప్ప ప్రతి పక్షి షాటుకీ సెట్లో బూడిద రంగు బంతి, అద్దంలా మెరిసే బంతి పట్టుకుని అదే లైటులో ఒక్కోసారి తీసి ఇచ్చాం. ఇవి లేని ఆ రెండు షాట్లలో పక్షి మీద వెలుగు దిక్కు తేలక చాలాసార్లు వెనక్కి వచ్చాయి. లెన్స్, కెమెరా ఎత్తు, వంపు పలక మీద రాసి క్లాప్‌తో పాటు తీయడం అసిస్టెంట్‌కి అప్పగించండి. ఎవరికీ అప్పగించకపోతే ఎవరూ చేయరు.

ఫోమ్ కవచం చప్పుడు చేయదు. చేసినా చెప్పుల చప్పుడే. అందుకని సింక్ సౌండ్‌లో (షూటింగ్‌లోనే రికార్డయిన శబ్దంలో) మాటలు తప్ప ఏమీ ఉంచలేదు. బావి గిలక గొలుసు, స్టీలు పళ్లేలు, తోలు బెల్టులతో ప్రతి అడుగుకీ విడిగా శబ్దం చేశాం. గొలుసును నేల మీద ఈడిస్తే సైకిల్ చైనులా వినిపించింది. గోనె సంచిలో వేసి కదిపితే ఒంటి మీద ఉన్న ఇనుములా కుదిరింది. గుమ్మం బయటి పదివేల మంది మొత్తం ఇలా కట్టినవాళ్లే. ఎడిట్‌లో సైన్యం షాట్లు రెండు తీసేసి శబ్దంతోనే నడిపాం. అప్పటికే డబ్బు కట్టేశాం కాబట్టి లెక్కలో పద్నాలుగే ఉంటాయి.

ప్యాచ్ వర్క్‌కి రూ. 1,65,000 పోయింది. ఎక్కువ భాగం నీడ సీన్లలో నటుల రియాక్షన్లు మళ్లీ తీయడానికి.

*మొత్తం: సీజీతో రూ. 27,57,000. ప్యాచ్ వర్క్‌తో రూ. 29,22,000. మిగులు రూ. 2,78,000.*

దశ 8: దాచిపెట్టడం

గుమ్మడికాయ కొట్టగానే సామాన్లు గోడౌన్‌లో కుప్ప పోసి తాళం వేసే అలవాటు మానాలి. మూడో సీజన్‌కి ఇవే కావాలి.

1. కవచాలు హ్యాంగర్లకే ఉండాలి. ఒకదాని మీద ఒకటి వేయొద్దు. రేకుల షెడ్డు వద్దు.
2. ఇసుక పట్టీలు విప్పి విడిగా పెట్టాలి. లేదంటే కుట్టు సాగుతుంది.
3. గొంగళ్లు దులిపి, ఎండలో వేసి, ఎండు వేపాకుతో మడతపెట్టాలి. సున్నం మట్టి అలాగే ఉంచాం, కడిగితే మళ్లీ మొదటికొస్తుంది.
4. నైలాన్ అంగీలు చుట్టాలి, మడవకూడదు. మడత దగ్గర వెండి రాలుతోంది.
5. వెదురు రెక్కకు పురుగు పట్టింది. గుడ్డ విప్పి దాచి, బద్దలు పారేశాం. కొత్తవి కట్టడానికి కొలతలు గుడ్డ లోపలి వైపే రాసి ఉన్నాయి.